గవ్వలు, మా అమ్మ, నీ 1.2

ఒరేయ్ శీనూ,

నువ్వు ఉగాదికి రాస్తే నేను శ్రావణంలో జవాబిస్తున్నాను. తిట్టుకో, పడతాను. ఇంటికి సున్నాలయ్యాయి. నా బీపీ మాత్రలు మార్చారు. అమ్ములు ఇంటర్ రెండో ఏడు. చెల్లెమ్మ అడిగిన మాగాయ కొలతలు వేరే కాగితం మీద రాసి లోపల పెట్టాను. కుశలం అయిపోయింది, ఇక అసలు సంగతి విను.

మొన్న ముసురు పట్టి రెండు రోజులు కరెంటు లేదు. అమ్మ అటక మీది డబ్బా దింపించి అష్టాచెమ్మా గవ్వలు తీసింది. వరసగా ఆరు ఆటలు నన్నూ అమ్ములునీ చిత్తుగా ఓడించింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు అష్ట! "నానమ్మ గవ్వల్ని ఏదో చేస్తోంది" అని అమ్ములు గోల. నేను మాత్రం పెద్ద పండితుడిలా ద్విపద విభాజనం, అదే, ఇన్ని గవ్వలేస్తే ఎన్ని వెల్లకిలా పడొచ్చో చెప్పే లెక్క, ఎత్తుకున్నాను. నాలుగు గవ్వలు, ఒక్కోటి వెల్లకిలా పడే సంభావ్యత సగం. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది గళ్లు; నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. రెండూ పదహారింట ఒక్కటే, అంటే 6.25 శాతం. "అమ్మా, నీది ఒట్టి అదృష్టం" అన్నాను.

మా అమ్మ తమలపాకు మడుస్తూ, తలెత్తకుండా, "సగమని నీకెవరు చెప్పార్రా?" అంది.

ఎవరు చెప్పారు? నిజంగా, ఎవరు చెప్పారురా! పాతికేళ్లుగా బొమ్మా బొరుసూ అంటూ సగం సగం రాసేశామే తప్ప, మన బఠాణీ మాస్టారి క్లాసులో కూడా ఎవరూ ఒక్క నాణెం ఎగరేసి చూడలేదు. (సంభావ్యత ఒకటి దాటదురా అంటే పరీక్షలో 1.2 తెప్పించిన మహానుభావుడివి, నీకు ఏదైనా చెల్లుతుందిలే.)

సరే, అమ్ములు లెక్క రాసింది, నేను వేశాను. అరచేతుల్లో బాగా గిలక్కొట్టి, గచ్చు మీదకి. మొదటి ఇరవై సార్లలో చెమ్మ రెండు సార్లు, అష్ట ఒక్కటీ లేదు! అమ్మ మీద గెలిచేశాననుకుని అక్కడే ఆపెయ్యబోయాను. అమ్ములు ఆపనివ్వలేదు. 200 సార్లు వెయ్యాల్సిందేనంది, భుజం ఇప్పటికీ లాగుతోంది. చివరికి అష్ట 27, ఒకటి 65, రెండు 69, మూడు 34, చెమ్మ 5.

చూశావా? మొత్తం 800 గవ్వల్లో వెల్లకిలా పడ్డవి 325. నిజంగా సగమే అయితే 400 రావాలి, అటూ ఇటూ ఓ పద్నాలుగు తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. ఆ పద్నాలుగు ఎక్కడిదంటే 800ని సగంతో ఒకసారి, మళ్లీ సగంతో ఇంకోసారి గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది. మాకు తగ్గినవి డెబ్భై అయిదు! పద్నాలుగుకి అయిదు రెట్లు దాటింది, యాదృచ్ఛికం అని సర్ది చెప్పుకునే తేడా కాదు. సగం తీసేసి, 325ని 800తో భాగిస్తే వచ్చే 0.406 పెట్టి మళ్లీ కట్టాను. 200 సార్లకి అష్ట ఇరవై అయిదు రావాలి, చెమ్మ అయిదున్నర. ఒళ్లు జలదరించిందిరా. ద్విపద సూత్రం ఎప్పుడో కంఠతా పట్టాను, అది గచ్చు మీద దొర్లడం మాత్రం ఇప్పుడే చూశాను.

ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు 1945లో ఒక హద్దు గీశాడు కదా, పక్షపాతం లేని అంచనా ఏదీ అంతకంటే బిగుతుగా ఉండలేదని. నా 800 గవ్వలకి ఆ హద్దు 0.017 దగ్గర తేలింది, అంటే నా 0.406 అటూ ఇటూ ఓ అంత ఊగుతుందన్నమాట. ఇంకా బిగించాలంటే తెలివి కాదు, ఇంకో భుజం కావాలి.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఈ కాగితం గొప్పగా అమ్మకి చూపించాను. "గవ్వ వీపు పైకే పడుతుంది, ఇందులో వింతేముంది" అంది. మరి చెప్పలేదేమని అడిగితే గళ్లు చూపించింది. తన కాయల్ని వీలైనప్పుడల్లా నా కాయకి సరిగ్గా ఎనిమిది గళ్ల వెనక నిలబెడుతోంది, నాలుగు గళ్ల వెనక కాదు. అష్ట పడగానే చంపుతుంది, పైగా ఇంకోసారి వేస్తుంది! నేను చెమ్మ మీద ఆశ పెట్టుకుని ఎన్నేళ్లు చచ్చానో తలుచుకుంటే...

మా నాన్నగారు కూడా ఈ గవ్వలతోనే ఆడేవారు. ఆయన ఎప్పుడూ ఓడిపోయేవారు, నవ్వేవారు. ఆయన తెలిసే... సర్లే.

ఇంకో చిక్కు ఉంది. నాలుగింటికీ ఒకటే సంభావ్యత అనుకుని కట్టాను. "నాన్నా, ఆ మచ్చల గవ్వ మరీ బోర్లా పడుతోంది, విడిగా రాసి ఉండాల్సింది" అంటోంది అమ్ములు. నిజమే, మళ్లీ వెయ్యాలి. ఎనిమిదికి అంత విలువ పెట్టినవాళ్లు దాన్ని అరుదనుకున్నారా, లేక వాళ్లు ఆడింది అరగదీసిన చింతగింజలతోనా? అవైతే ఎటు ఎక్కువ పడతాయో! అమ్ములు ఇప్పుడు వసారాలో గింజలు అరగదీస్తోంది, ఒకటి చీలిపోయింది కూడా. నువ్వు మీ ఇంట్లో గవ్వలుంటే ఓ వంద సార్లు వేసి, ఒక్కో గవ్వకీ విడివిడిగా రాసి

కుళాయి వచ్చింది, బిందెలు పెట్టాలి. పోస్టు డబ్బా తీసేది కూడా నాలుగింటికే.

నీ
రాంబాబు