పుస్తకం తెరవకుండానే ట్రైలరా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య మా శ్రీకాకుళంలో కొన్ని బడులు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు కొత్త ప్రాజెక్టు ఒకటి ఇస్తున్నాయి. చదివిన పుస్తకానికి సినిమా ట్రైలర్ లాంటి చిన్న వీడియో చేసుకురావాలి. ఆలోచన మంచిదే. అట్టల మీద మెరుపు కాగితాలు అంటించడం కన్నా నూరు రెట్లు నయం. అమలు జరుగుతున్న తీరే విడ్డూరంగా ఉంది.

మా మనవరాలు ఎనిమిదో తరగతి. గడువు వారం ఉందనగా నన్ను వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కు వెళ్లింది. అక్కడి కుర్రాడు పుస్తకం పేరు రాసుకున్నాడు, ఎన్ని నిమిషాలు కావాలని అడిగాడు, 300 రూపాయలు తీసుకున్నాడు. లోపల ఏముందని మాత్రం అడగలేదు. సాయంత్రానికి వీడియో సిద్ధం. మంచుకొండలు, ఎగిరే డేగ, నిప్పురవ్వల్లోంచి పుట్టుకొచ్చే బంగారు అక్షరాలు, వెనక ఏదో సినిమాలోని డప్పుల హోరు. ఇంతకీ ఆ కథ తాటిముంజలు అమ్ముకునే ముసలమ్మ మనవడికి చెప్పులు కొనడం గురించి. “తాతయ్యా, ఇందులో ముసలమ్మే లేదు” అంది పిల్ల, ఏడుపు గొంతుతో.

మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఫోను ముట్టుకోకుండా నోటుపుస్తకంలో తొమ్మిది గళ్లు గీయించాను. ఒక్కో గడిలో కనబడే బొమ్మ, దాని కింద వినబడే మాట. మొదట రాసుకొచ్చింది రెండు పేజీలు, పైకి చదివితే నాలుగు నిమిషాలు పట్టింది. కొట్టేస్తూ పోతే చివరికి 90 మాటలు మిగిలాయి. ఏ మాట ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవడానికి ఆ కథను నాలుగుసార్లు చదివింది. ప్రాజెక్టు ఇచ్చింది దీనికే కదా!

ముసలమ్మ వేషం ఎవరూ వేయలేదు. కొంగుముడి విప్పి చిల్లర లెక్కపెడుతున్న మా ఆవిడ చేతులు, గుమ్మం ముందు ఒక జత చిన్న చెప్పులు, అంతే. ఫోను అడ్డంగా పట్టుకుని, కిటికీ వెలుతురు చేతుల మీద పడేలా తీసింది. గొంతు రికార్డు చేయడం దగ్గరే తలప్రాణం తోకకొచ్చింది. ఫ్యాను ఆపితే కుక్కరు కూత, అది ఆగితే వీధిలో ఆటో. ఆఖరికి దుప్పటి ముసుగేసుకుని చదివింది, శుభ్రంగా వచ్చింది. సినిమా పాట వద్దన్నాను. మన దేశంలో పాట రికార్డుకు కాపీరైటు 60 ఏళ్లు ఉంటుంది, పిల్లలకు పరాయి సొత్తు వాడుకోవడం మనమే అలవాటు చేయడం ఎందుకు? తప్పెటలు వాయిస్తూ ఆడే తప్పెటగుళ్ల ప్రాంతంలో లయకు కరువా! స్టీలు పళ్లెం మీద వేళ్లతో దరువేసి తనే రికార్డు చేసుకుంది.

ముగింపు దగ్గర నాకూ ఆమెకూ పేచీ వచ్చింది. ముసలమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని ఏటి ఒడ్డున ఆగిన చోటనే వీడియో ఆపేసింది. మిగతా కథ కూడా చెప్పమన్నాను. “అది చెప్పేస్తే పుస్తకం ఎవరు చదువుతారు తాతయ్యా?” అంది. ఓడిపోయాను. మొత్తం 75 సెకన్లు.

బడిలో హంగులకు, సంగీతానికి విడివిడిగా మార్కులు ఉన్నాయట. పుస్తకం చదివారో లేదో తేల్చే ప్రశ్న ఒక్కటీ లేదు. నెట్ సెంటర్ మంచుకొండల లాంటి వీడియోలదే పైచేయి అయింది. అంతేకాదు, గొంతులో యాస ఉందని ఒక మార్కు తగ్గించారు. జనం మాట్లాడే భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లాలో, ఆయన పుట్టిన రోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే రాష్ట్రంలో!

ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. వీడియో కన్నా ముందు ఆ గళ్ల నోటుపుస్తకం అడగండి, సగం మార్కులు దానికే వేయండి. నలుగురికి ఒక ఫోను చాలు, పని బడిలోనే చేయించండి. ఇంట్లో మంచి ఫోను లేని పిల్లలకు అప్పుడు చిన్నతనం ఉండదు. పుస్తకం గ్రంథాలయం నుంచే తెచ్చుకోమనండి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నవాళ్లం. పైగా 1997లో కథకుడు కాళీపట్నం రామారావు గారు, మన కారా మాస్టారు, తెలుగు కథల కోసమే కథానిలయం అనే గ్రంథాలయం నెలకొల్పిన ఊరు ఇది, పిల్లలను ఒకసారి అక్కడికి నడిపించుకెళితే పోయేదేముంది?

జిల్లా గ్రంథాలయ సంస్థ వారికీ ఒక మాట. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుపుతారు. ఈసారి ఒక సాయంత్రం ఉపన్యాసాలు కాస్త తగ్గించి, తెల్లగుడ్డ కట్టి పిల్లల ట్రైలర్లు వేయండి. పక్కనే బల్ల మీద ఆ పుస్తకాలు పెట్టండి.

మా మనవరాలి వీడియో చూసి పక్కింటి పిల్ల పుస్తకం పట్టుకెళ్లింది, ఆమె దగ్గర నుంచి ఇంకెవరో. అది నా కార్డు మీద తెచ్చిన పుస్తకం. గడువు దాటి తొమ్మిది రోజులైంది. జరిమానా ఎంతైనా నేనే కడతాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
శ్రీకాకుళం