తెల్లారేదాకా నాతో కూర్చున్నోళ్ళకి

అందరికీ నమస్కారం అండీ. ఈ పోస్టు రెండు నెలల నుంచి రాద్దామనుకుంటున్నాను, నాలుగు లైన్లు రాయడం చెరిపేయడం, ఇదే సరిపోతోంది. ఇవాళ ఎలా వస్తే అలా రాసేస్తున్నాను, తప్పులుంటే ఏమీ అనుకోకండి.

మాది సఖినేటిపల్లి వైపు. మూడెకరాల చెరువు లీజుకి తీసుకుని వనామీ రొయ్య వేశాను. మొదటి రెండు పంటలూ పర్లేదనిపించాయి. మూడో పంట యాభై రోజుల మీద ఉండగా ఒకరోజు చెక్ ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూసుకునే పళ్ళెం) తీస్తే మేత వేసింది వేసినట్టే ఉంది, మర్నాటికి రొయ్య ఎర్రబడి గట్టు వారకి వచ్చేసింది. వైట్ స్పాట్, రొయ్యకి వచ్చే వైరస్ జబ్బు. అది తగిలాక చేసేదేం ఉండదండి, వారం తిరక్కుండా చెరువు ఖాళీ. మేత షాపులో అప్పు, లీజు డబ్బులు, కరెంటు బిల్లు అన్నీ కలిపితే తొమ్మిది లక్షల పైమాట. పంట పోవడం మా ఊళ్ళో కొత్తేం కాదు, నాకంటే ఎక్కువ పోగొట్టుకున్నోళ్ళు మా వీధిలోనే ఉన్నారు. కానీ నా సంగతి అప్పుతో ఆగలేదు.

చెరువులు చేసేవాళ్ళకి చెప్పక్కర్లేదు. రాత్రిపూట ఎండ ఉండదు కాబట్టి నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా అదే పీల్చేసుకుంటుంది, తెల్లవారుజామున మూడు నాలుగింటికి డీవో, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, బాగా పడిపోద్ది. ఆ టైములో కరెంటు పోయి ఏరియేటర్లు (నీళ్ళు చిలికి గాలి కలిపే మిషన్లు) ఆగిపోయాయంటే పంట పోయినట్టే. అందుకే నిద్రలో కూడా మా చెవి ఏరియేటర్ చప్పుడు మీదే ఉంటుంది. చెరువు ఎండగట్టేశాక కూడా నా ఒళ్ళు ఆ అలవాటు మానలేదండి. రోజూ మూడింటికి మెలకువ. చప్పుడు లేదు. గుండె దడదడ, అరచేతులు చెమటలు, ఇక అక్కడి నుంచి ఆలోచనలు ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి. మేత షాపాయన రేపు ఏమంటాడు, పాప ఫీజు ఎలా, అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు, నాన్న ఉంటే ఇలా జరిగేది కాదు, నేను దేనికీ పనికిరాను, చివరికి నేను లేకపోతేనే వీళ్ళకి బాగుంటుంది అనే దగ్గరికి వచ్చి ఆగేవి. రోజూ అక్కడికే వచ్చేవి. పగలు మామూలుగానే తిరిగేవాణ్ణి, టీ కొట్టు దగ్గర అందరితో మాట్లాడేవాణ్ణి, ఎవరికీ తెలీదు.

మొట్టమొదట తెలుసుకుంది మా అక్క. తను ఆశా వర్కరు. రాఖీకి వచ్చి నా మొహం చూసి, భోజనాలయ్యాక పెరట్లో కొబ్బరిచెట్టు కిందకి తీసుకెళ్ళి సూటిగా అడిగేసింది, "ఏరా తమ్ముడూ, చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. ఆ మాట పైకి వినేసరికి నాకు ఏడుపు ఆగలేదు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనవాళ్ళు భయపడతారు గానీ అది నిజం కాదంట, అడిగితే మనిషికి చెప్పుకునే దారి దొరుకుతుందని తనకి ట్రైనింగ్‌లో చెప్పారంట. నా విషయంలో అదే జరిగింది. అక్కా, ఆ రోజు నువ్వు "ఏం కాదులే, అంతా సర్దుకుంటుంది" అని వెళ్ళిపోయుంటే ఏమయ్యేదో నేను ఆలోచించలేను. నీకు దణ్ణం పెడుతున్నాను.

అక్కే నా ఫోన్లో 14416 నంబరు సేవ్ చేసింది. టెలీమానస్ అంటారు, మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలెట్టింది, డబ్బులేం కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఎప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు. నేను వారం రోజులు చెయ్యలేదు, తెలియనోళ్ళకి మన ఇంటి గొడవ చెప్పుకోవడమేంటి అని. ఒకరోజు మూడుంపావుకి ఇక తట్టుకోలేక చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది, గొంతుని బట్టి నాకంటే చాలా చిన్నది. నేను ఏదేదో మాట్లాడేస్తుంటే మధ్యలో ఆపకుండా విని, "ఇప్పుడు మీరు ఎక్కడ కూర్చున్నారండి, కాళ్ళ కింద ఏం తగులుతోంది?" అని అడిగింది. అరుగు మీద, చల్లటి గచ్చు అన్నాను. ఏం వినబడుతోంది అంది. కప్పలు, ఎవరిదో జనరేటరు, దూరంగా సముద్రం. అలా ఒక్కోటీ చెప్పిస్తూ నాలుగు లెక్కపెట్టి గాలి పీల్చి ఆరు లెక్కపెట్టి వదలమంది. వదిలేది పీల్చేదానికంటే నిదానంగా ఉంటే గుండె వేగం తగ్గుతుందంట, అది మనం నమ్మినా నమ్మకపోయినా ఒంట్లో జరిగే పనే అంది. పది నిమిషాలకి దడ తగ్గింది. అప్పు తగ్గలేదు, దడ తగ్గింది. ఇంట్లో ఎవరినైనా లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాకే ఫోన్ పెట్టేస్తానంది. అమ్మా, నీ పేరు అడగడం మర్చిపోయాను. నువ్వు ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఆ రోజు లేపింది మా ఆవిడని. అప్పటిదాకా తనకేం చెప్పలేదు నేను. తను తిట్టలేదు, ఎందుకు దాచావని కూడా అడగలేదు, లైటు వేసుకుని లేసు పని తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. మా వైపు ఆడవాళ్ళకి నరసాపురం లేసు అల్లకం చిన్నప్పటి నుంచే వచ్చు కదా. నోట్లో నోట్లో కుట్లు లెక్కపెడుతూ అల్లుతుంటే ఆ లెక్క మీద నేను ఊపిరి తీసి వదిలేవాణ్ణి. దాదాపు నలభై రాత్రులు అలా కూర్చుందండి, పొద్దున్నే లేచి మళ్ళీ పాపకి క్యారేజీ కట్టాలి. దీనికి థ్యాంక్స్ అనే మాట చాలదు.

తర్వాత అక్క, నేను పంటి (గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం దాటి భీమవరంలో సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాం. డాక్టరమ్మ ముందు రక్త పరీక్షలు రాశారు, థైరాయిడ్ తేడా ఉన్నా ఇలా గుండెదడ, కంగారు రావచ్చంట. అది బాగానే ఉంది. మందులు ఇచ్చి, ఇవి పనిచెయ్యడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు, ముందే గుణం లేదని మానకూడదు, బాగయ్యాక కూడా సొంతంగా ఆపకూడదు అని రెండుసార్లు చెప్పారు. ఆలోచనలు రాకుండా ఆపాలని ఎంత ప్రయత్నిస్తే అంత ఎక్కువ వస్తున్నాయండి అన్నాను. 1987లో అమెరికాలో వెగ్నర్ అనే సైకాలజిస్టు కొంతమందిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని చెప్పి కూర్చోబెడితే వాళ్ళకి అదే మాటిమాటికీ గుర్తొచ్చిందంట, అది మీ ఒక్కరి బలహీనత కాదు, మనసు తీరే అంత అన్నారు. ఆ ముక్కకి నాకెంత ధైర్యం వచ్చిందో చెప్పలేను, ఎందుకంటే నాకే పిచ్చెక్కుతోందని అనుకుంటున్నాను అప్పటికి.

ఇంకో పని చెప్పారు. నోటుబుక్కులో నిలువుగా గీత గీసి ఒకవైపు జరిగింది, ఇంకోవైపు నా మనసు అంటున్నది రాయమన్నారు. తొమ్మిది లక్షల అప్పు, అది ఇటు. నేను దేనికీ పనికిరాను, అది అటు. అందరూ నవ్వుతున్నారు అని రాస్తే, ఎవరు నవ్వారో పేర్లు రాసుకురండి అన్నారు. పదిహేను రోజులు చూశానండి, ఒక్క పేరు రాయలేకపోయాను. మేత షాపాయన దగ్గరికి భయపడుతూ వెళ్తే "ముందు ఒళ్ళు చూసుకోండి, దాళ్వా వరి పంట అయ్యాక కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు. ఆయనకీ ఇక్కడే నమస్కారం చెబుతున్నాను. అప్పు ఇంకా ఉంది, నెలనెలా కొంచెం కొంచెం తీరుస్తున్నాను, ఇప్పుడు పక్కూరి చెరువులకి టెక్నీషియన్ కింద వెళ్తున్నాను.

చివరగా మా చెరువు కాపలా తాత. నా సంగతంతా విని ఆయన ఒకటే అన్నారు, "బాబూ, నాలుగింటికి డీవో చూసి చెరువులో రొయ్యంతా పట్టేద్దామని ఎవడైనా అనుకుంటాడా? ఏరియేటరేసుకుని కూకుంటాం, ఎండొచ్చాక మళ్ళీ చూస్తాం. నువ్వూ రాత్రిపూట ఏదీ తేల్చెయ్యకు, తెల్లారాక నా దగ్గరికిరా." నాలుగైదుసార్లు నిజంగానే వెళ్ళాను. తెల్లారేసరికి ఆయన గట్టు మీద పొయ్యి రాజేసి టీ పెట్టేవారు, ఏమీ అడిగేవారు కాదు, ఇద్దరం తూర్పు వైపు చూస్తూ తాగేవాళ్ళం.

ఇప్పటికీ ఎప్పుడైనా మూడింటికి మెలకువ వస్తుంది, వచ్చినప్పుడు కాసేపు అరుగు మీద కూర్చుని ఊపిరి లెక్కపెట్టుకుని మళ్ళీ పడుకుంటున్నాను. మందులు ఇంకా వాడుతున్నాను. నేను వెళ్ళే చెరువుల దగ్గర స్టార్టరు పెట్టెల మీద, లైన్‌మ్యాన్ నంబరు కింద, 14416 కూడా పెయింటుతో రాస్తున్నాను, ఓనర్లెవరూ కాదనలేదు.

తాతకి చదవడం రాదు. రేపు పొద్దున్నే గట్టు మీదకెళ్ళి ఇదంతా ఆయనకి చదివి వినిపిస్తాను.