కొలిమి తలుపు సందు

ఒరేయ్ శీనూ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు షిఫ్టులో ఉండి సరిగ్గా మాట్లాడలేకపోయాను. ఇవాళ సెలవు, తీరిగ్గా రాస్తున్నా.

మా రోలింగ్ మిల్లు ఫర్నేస్‌లో బిల్లెట్లని, అంటే ఆ పొడుగాటి ఉక్కు దిమ్మెల్ని, 1,200 డిగ్రీల దాకా కాచాలని నీకు తెలుసుగా. ఆయిల్ ఖర్చు పెరిగిపోతోందని ఆర్నెల్లుగా ఒకటే టెన్షన్. కొత్త బర్నర్లు కావాలని ఒకరు, ఫర్నేసే మార్చాలని ఇంకొకరు. నేను ఒక రాత్రంతా బిల్లెట్లు బయటికొచ్చే తలుపు దగ్గర నిలబడ్డాను రా. కింద నాలుగు వేళ్లు దూరేంత సందు! లోపల ఒత్తిడి పెరిగితే అందులోంచి మంట బయటికి తన్నుకొస్తోంది. తగ్గితే అక్కడినుంచే చల్లగాలి లోపలికి పోతోంది.

చిమ్నీకి పోయే పొగలో ఆక్సిజన్ కొలిస్తే 9 శాతం. 2, 3 ఉంటే చాలు. అంటే అక్కర్లేని గాలిని ఆయిల్ పోసి కాచి మరీ ఆకాశంలోకి వదులుతున్నాం. పైగా ఆ మిగులు ఆక్సిజన్ ఊరికే ఉండదు, ఇనుమునే తింటుంది. బిల్లెట్ బయటికి రాగానే పొలుసులుగా రాలే నల్లటి స్కేల్ ఒకప్పుడు ఉక్కే కదరా! చీపుళ్లతో దాన్ని ఊడ్చి పోస్తుంటే నా కడుపు తరుక్కుపోయింది.

సందుకి వేడిని తట్టుకునే సిరామిక్ ఫైబర్ కట్టాం. చిమ్నీకి పోయే పొగని అదుపు చేసే డంపర్ సరిచేసి, లోపలి ఒత్తిడి బయటికన్నా పిసరంత ఎక్కువ ఉండేలా చూశాం. బ్లోయర్ గాలి తగ్గిస్తానంటే మాత్రం ఆపరేటర్ బాబాయ్ ఒప్పుకోలేదు, "మంట పాడవుతుంది బాబూ" అని. పొగ నల్లబడితే ఆపేద్దామని మాటిచ్చి, ఆయన్ని పక్కనే పెట్టుకుని, మంట రంగు ఆయన చేతే చెప్పించుకుంటూ కొంచెం కొంచెంగా తగ్గించాం. ఆక్సిజన్ 3 శాతం దగ్గర ఆగాం. ఇప్పుడు షిఫ్టు ఎక్కగానే ఆయనే ముందు మీటర్ చూస్తున్నాడు.

ఇంకా రికూపరేటర్ పని ఉంది. పోయే పొగ వేడితోనే వచ్చే గాలిని కాచేది అదే. అలా కాచుకోవచ్చని సీమెన్స్ సోదరులు 1850ల్లోనే చేసి చూపించారు. గాలి ప్రతి 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 1 శాతం ఆయిల్ మిగులుతుంది. మా దాని గొట్టాలేమో చిల్లులు పడ్డాయి. వచ్చే షట్‌డౌన్‌లో మార్పించేదాకా వదలను.

కాలేజీ రోజుల్లో విశాఖ స్టీల్ ప్లాంట్ చూడ్డానికెళ్లాం, గుర్తుందా? ఎర్రటి కోక్ బొగ్గు మీద నీళ్లు కొట్టకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి పుట్టించి కరెంటు తీస్తారని చెప్తే నువ్వు కళ్లప్పగించి విన్నావు. నాకిప్పుడు అదే గుర్తొస్తోంది.

మాకు వచ్చేవి యార్డులో చల్లారిన బిల్లెట్లు. మీకు కరిగిన ఉక్కుని బిల్లెట్లుగా పోసే కాస్టర్ పక్కనే మిల్లు కదా, ఎర్రగా ఉండగానే ఫర్నేస్‌లోకి తోస్తున్నారా? ఎంత వేడితో చేరుతున్నాయో కొలిచి రాయి.

నీ
రాంబాబు