గ్యాస్ లీకు కాదు, సెన్సార్ పోయింది: మీ జాబ్ షీటు దిద్దండి

మేనేజరు గారికి,
వినియోగదారుల సేవా విభాగం

విషయం: ఫ్రీజర్ లోపాన్ని కొలిచి చూడకుండానే గ్యాస్ లీకుగా రాయడం గురించి

అయ్యా,

మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. 2023లో మీ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ కొన్నాం. ఈ వేసవిలో ఫ్రీజర్ తేడా చేసింది. తలుపు మీద అంకె మైనస్ 18 అంటోంది. లోపల చూస్తే ఐస్‌క్రీం జావలా ఉంది, చేప ముక్కల్లోకి కత్తి ఇట్టే దిగిపోతోంది. మీ టెక్నీషియన్ వచ్చి, వెనక పైపు మీద చెయ్యి వేసి చూసి, గ్యాస్ లీకైందన్నారు. 4,200 రూపాయలకు ఎస్టిమేట్ రాశారు. మేం ఒప్పుకోకపోయేసరికి విజిటింగ్ చార్జీ తీసుకుని, 'కస్టమర్ రిపేరుకు నిరాకరించారు' అని జాబ్ షీటులో రాసి ఫిర్యాదు మూసేశారు.

ఉన్నంతసేపూ ఆయన సంచిలోంచి మీటరు బయటికి రాలేదు.

నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. గ్యాస్ తగ్గితే ఫ్రీజర్ చల్లబడదు. లోపలి చలిని కొలిచే సెన్సార్ ఆ సంగతిని ఫ్రిజ్‌ను నడిపే సర్క్యూట్ బోర్డుకు చెబుతుంది కాబట్టి కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, తలుపు మీద అంకె కూడా పైకి పోతుంది. మా ఇంట్లో జరిగింది దీనికి తలకిందులు. కంప్రెసర్ కాసేపు తిరిగి, పని అయిపోయినట్టు హాయిగా ఆగిపోతోంది. రెండు చేప ప్యాకెట్ల మధ్య థర్మామీటరు పెట్టి రాత్రంతా వదిలేస్తే మైనస్ 10 చూపించింది. బోర్డు మాత్రం మైనస్ 18 వచ్చేసిందనే నమ్ముతోంది. దానికి అబద్ధం చెబుతున్నదెవరు? సెన్సారే.

ప్లగ్గు తీసి, ఫ్రీజర్ లోపలి వెనక కవరు విప్పాను. గ్యాస్ తక్కువైతే కాయిల్ (చల్లబరిచే గొట్టాల చుట్ట) మొదట్లో మాత్రమే మంచు పట్టి, మిగతాది బోడిగా ఉంటుంది. మాకు పైనుంచి కిందదాకా సమానంగా, పల్చగా పట్టి ఉంది. మంచును కరిగించే డీఫ్రాస్ట్ ఏర్పాటు చెడితే కాయిల్ మంచుగడ్డలో పూడిపోయి ఉండాలి, అదీ లేదు.

సెన్సార్ కనెక్టరు ఊడదీశాను. పిన్నులు శుభ్రంగానే ఉన్నాయి, తుప్పు లేదు. గ్లాసులో దంచిన ఐసు, కొంచెం నీళ్ళు కలిపితే సున్నా డిగ్రీలు ఎవరింట్లోనైనా దొరుకుతాయి. సెన్సార్ తలను అందులో ముంచి, అంకె నిలకడగా అయ్యేదాకా ఆగి మీటరు పెట్టాను. ఈ రకం సెన్సార్‌లో చలి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 5 కిలో ఓమ్‌లుండే ఈ సెన్సార్ సున్నా దగ్గర సుమారు 16 చూపించాలి. మాది 24 దగ్గర కూర్చుంది. అంటే సున్నా దగ్గరే అది బోర్డుకు మైనస్ 7 అని చెబుతోంది. శ్రీకాకుళంలో అదే రకం కొత్త సెన్సార్ కొని అదే గ్లాసులో ముంచితే 16 దగ్గరే నిలిచింది. దాన్ని తగిలించి స్విచ్ వేశాక తలుపు మీద అంకె మైనస్ 18 దగ్గర ఆగలేదు, పైకి పోయింది. కంప్రెసర్ అందుకుని, ఈసారి నిజంగా మైనస్ 18 వచ్చేదాకా తిరిగింది. గ్యాస్ లేని ఫ్రిజ్ ఈ పని చేయగలదా, మీరే చెప్పండి.

మేం ఎస్టిమేటుకు తలూపి ఉంటే ఏమయ్యేది? బాగున్న పైపును కోసేవారు. వెనక లేబుల్ మీద ఆర్600ఎ అని ఉంది. అది అంటుకునే గ్యాస్, గ్రాముల లెక్కన తూచి నింపాలి. ఆయన దగ్గర తూకం కూడా లేదు. అంతా అయ్యాక ఐస్‌క్రీం మళ్ళీ జావే అయ్యేది, ఎందుకంటే సెన్సార్ అలాగే ఉంటుంది కదా.

ఇంకో మాట. కాల్ సెంటర్లో తెలుగు ఎంచుకుంటే మర్యాదగానే మాట్లాడతారు, పిన్ కోడ్ 76తో మొదలైందని వినగానే 'మీది ఒడిశా' అని లైను మార్చేస్తారు. వందకు పైగా కిలోమీటర్ల అవతల బరంపురం నుంచి మనిషి రావాలి. పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నానికి మీ శ్రీకాకుళం టెక్నీషియన్ వస్తూనే ఉంటారు, కానీ ఆ పిన్ 53తో మొదలవుతుంది కనుక ఆయన ఇటు అడుగు పెట్టకూడదట. మేం కూరగాయలకీ పెళ్ళిళ్ళకీ రోజూ దాటే సరిహద్దును మీ కంప్యూటర్ మాత్రం దాటలేకపోతోంది.

కాబట్టి మీరు చేయవలసింది ఇదీ. జాబ్ షీటులో గ్యాస్ లీకు, కస్టమర్ నిరాకరణ అన్న మాటలు కొట్టేసి, సెన్సార్ లోపం అని రాసి నాకు కాపీ పంపండి. రేపు కంప్రెసర్ వారంటీ అడిగినప్పుడు ఆ పాత మాటలు నాకు అడ్డు రాకూడదు. విజిటింగ్ చార్జీ వెనక్కివ్వండి. మీ ఒరిజినల్ సెన్సార్‌ను బిల్లుతో నాకు అమ్మండి. విడిభాగాలు కస్టమర్లకు ఇవ్వం అన్న జవాబు దయచేసి వద్దు. రిపేరు హక్కు కోసం కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులోనే పోర్టల్ తెరిచింది. పర్లాకిమిడి ఫిర్యాదులను పాతపట్నం వచ్చే మనిషికే అప్పగించండి.

పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 చట్టం ప్రకారం నేను నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు, మీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా సరే. ఐసు గ్లాసులో రెండు సెన్సార్ల రీడింగుల ఫోటోలు, జాబ్ షీటు, చార్జీ రసీదు జతచేశాను. పాత సెన్సార్ నా దగ్గరే ఉంది, మీ ఇంజనీరు వస్తే ఆయన మీటరుతోనే కొలుచుకోవచ్చు.

ఇట్లు,
మీ వినియోగదారు,
పర్లాకిమిడి