బడి వదిలే వేళకు రా

చి. సౌ. బుజ్జమ్మకు నాయన ఆశీస్సులు.

మేమిద్దరం బాగున్నాం. అల్లుడికి మన తిరుపతి శెట్టిపల్లి రైల్వే క్యారేజి షాపుకు బదిలీ ఖాయమని నువ్వు చెప్పినప్పటినుంచీ మీ అమ్మ మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి, మేడ మీది పోర్షనుకు సున్నం కొట్టిద్దామని నా ప్రాణం తీస్తోంది. ఆ సంగతి తర్వాత చెప్తా. పిల్లలకు ఏ పక్క బాగుంటుంది, ఏ బడి మంచిది అని అడిగావు కదా. ఫోనులో చెప్తే సగం నువ్వు వినవు, మిగతా సగం చిన్నోడు విననివ్వడు. అందుకే రాస్తున్నా.

ముందు నేను చేసిన తప్పు చెప్పనీ. పాకాల నుంచి మనం తిరుపతికి వచ్చింది నీ చదువు కోసమే. అద్దె మూడొందలు తక్కువని ఊరి బయట ఇల్లు తీసుకున్నా. పేరున్న బడి అని నిన్ను ఊరికి ఆ కొసన వేశా. ఆటోలో పదకొండు మంది పిల్లలు. నువ్వు డ్రైవరు పక్కన ఒక కాలు బయటికి పెట్టుకుని కూర్చునేదానివి. ఆరు దాటాక ఆటో వచ్చి ఇంటి ముందు ఆగేది గానీ నువ్వు దిగేదానివి కాదు, నిద్రపోయి ఉండేదానివి. ఎత్తుకొచ్చి మంచం మీద వేస్తే, మీ అమ్మ బూట్లు విప్పుతుండగా మెలకువొచ్చి "హోంవర్కుంది" అని ఏడ్చేదానివి. నేనేమో మార్కులు బాగున్నాయి కదా అని ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టి ఊరుకున్నా. బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి, రోజుకు రెండు గంటలు ఆటోలో పోతే ఏడాదికి ఎంత పోతుందో లెక్క కట్టలేదు చూడు.

కాబట్టి ఇల్లు చూసుకుని బడి వెతకొద్దు. బడి తేల్చుకుని, చిన్నోడు నడవగలిగినంత దూరంలో ఇల్లు చూడండి. అల్లుడికి డ్యూటీ దూరమైతే కానియ్యి, బండి ఉంది. గరుడ వారధి ఫ్లైఓవరు 2023లో మొత్తం తెరిచినప్పటినుంచీ ఊరిని దాటడం మునుపటంత నరకం కాదు.

పోయిన వారం టీవీఎస్ మీద అన్ని పక్కలా తిరిగొచ్చా. కారకంబాడి రోడ్డు, మంగళం పక్క అల్లుడికి దగ్గర, అద్దెలూ అందుబాటులో ఉన్నాయి. కానీ నాకు నచ్చిన బళ్ళకు అక్కణ్ణుంచి మళ్ళీ వ్యానే. కె.టి. రోడ్డు, భవానీనగర్ పక్క చెట్లూ యూనివర్సిటీ గాలీ బాగుంటాయి, అద్దె వింటేనే గుండె జారుతుంది. పైగా బ్రహ్మోత్సవాలప్పుడు పిల్లల్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాలంటే పావుగంట. చిరుత వచ్చిందన్న కబురు కూడా ఆ కొండ అంచు వీధులకే ముందు చేరుతుంది. తిరుచానూరు రోడ్డులో లోపలి వీధులు ప్రశాంతమే గానీ ముహూర్తాలున్న రోజుల్లో కల్యాణ మండపాల బాజాలు పరీక్షలని ఆగవు.

పిల్లలున్న ఇంటికి ఎక్కువ కుదిరేది ఎయిర్ బైపాస్ రోడ్డు, ఎం.ఆర్.పల్లి పక్క. (ఎయిర్ అంటే విమానం అనుకునేవు, ఆలిండియా రేడియో!) బళ్ళు, ట్యూషన్లు, డాక్టర్లు, కూరగాయలు అన్నీ నడక దూరమే. కానీ ఆ పక్క వీధి వీధీ చూసి తీసుకోవాలి. 2021 నవంబరు వానలు మర్చిపోయావా? ఎం.ఆర్.పల్లి శ్రీకృష్ణానగర్‌లో సిమెంటు వరలతో కట్టిన నీళ్ళ సంపు, ఒకామె లోపలికి దిగి కడుగుతుండగానే, భూమిలోంచి నిలువుగా పైకి లేచింది. మీరు టీవీలో చూశారు, నేను పోయి కళ్ళారా చూశా. కింద నీటి ఒత్తిడి అంత ఉంది మరి. కొర్లగుంట, తుమ్మలగుంట, గొల్లవానిగుంట... గుంట అని ఊరికే పేరు పెట్టరు గదా మనోళ్ళు. ఇల్లు చూపించేవాడు గ్రానైటూ మాడ్యులర్ కిచెనూ చూపిస్తాడు. నువ్వు మాత్రం ప్రహరీ గోడ అడుగున నీటి చార ఉందేమో చూడు. వీధి చివర చిల్లరంగడి ఆయన్ని, "ఆ ఏడు బియ్యం మూటలు ఎంత ఎత్తున పెట్టినావు సామీ" అని అడుగు. ఆయనకు ఇల్లు అద్దెకిచ్చే పని లేదు, నిజం చెప్తాడు.

ఇక బళ్ళు. ఫ్లెక్సీల మీది ర్యాంకుల ఫొటోలు చూసి నిర్ణయించొద్దు. నేను నాలుగు బళ్ళ దగ్గర సాయంత్రం వదిలే వేళకు నిలబడ్డా. ఒక చోట పిల్లలు తోసుకుంటూ అరుచుకుంటూ బయటికొచ్చారు. గేటు దగ్గర ఒక టీచరమ్మ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి పంపిస్తోంది. ఇంకో చోట ఏడింటికి గానీ వదల్లేదు. ఫౌండేషన్ బ్యాచ్ అంట, ఆరో తరగతికి! ఆ పిల్లల ముఖాలు చూస్తే నాకు ఆటోలో నువ్వే గుర్తొచ్చావు. వాచ్‌మెన్‌తో బీడీ కాలుస్తూ మాట్లాడితే (మీ అమ్మకు చెప్పొద్దు) ఈ ఏడాది ఎంతమంది టీచర్లు మానేశారో కూడా తెలిసింది.

సీబీఎస్ఈ పాఠాలు చెప్తామని కొందరు బోర్డు పెడతారు, గుర్తింపు ఉండదు. అఫిలియేషన్ నంబరు అడిగి, సీబీఎస్ఈ వారి సరస్ వెబ్‌సైట్లో సరిచూసుకో. ఆరు నుంచి ఎనిమిది దాకా 35 మంది పిల్లలకు కనీసం ఒక టీచరు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. పెద్దదాని సెక్షన్లో ఎంతమందో అడుగు. చేర్చుకునేటప్పుడు పిల్లకు పరీక్ష, మీకు ఇంటర్వ్యూ పెట్టకూడదని అదే చట్టం 13వ సెక్షన్ చెప్తుంది. అయినా పెడతారు. నువ్వు తగాదా పెట్టుకుంటావో, నవ్వుతూ రాయిస్తావో నీ ఇష్టం. ఆడపిల్లల మరుగుదొడ్డిలో నీళ్ళు వస్తాయో లేదో మాత్రం లోపలికి పోయి చూడందే ఫీజు కట్టొద్దు.

కేంద్రీయ విద్యాలయానికీ దరఖాస్తు వెయ్యండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకే అక్కడ మొదటి వరస. పెద్దదాని తరగతిలో ఖాళీ ఉండాలి, అంతే. అది దొరికితే ఇల్లు దాని పక్కనే, నేను రాసిందంతా పక్కన పెట్టెయ్.

మేడ మీది పోర్షను సంగతి. మీరు అందులో దిగితే మాకంటే సంతోషపడేవాళ్ళుండరు. పొద్దున్నే చిన్నోడు కిందికొచ్చి నా చెనక్కాయల డబ్బా ఖాళీ చేస్తాడని నేనూ ఊహించుకున్నా. కానీ మన వీధి నుంచి నడిచిపోయే దూరంలో నాకు నచ్చిన బడి ఒక్కటీ లేదు. మీ అమ్మతో నిన్న రాత్రి చెప్పా. మాట్లాడలేదు. పొద్దున కాఫీ ఇస్తూ "ఎం.ఆర్.పల్లికి బస్సెక్కితే ఎంతసేపు" అని అడిగింది.

మార్చి నడిమికి ఒంటిపూట బళ్ళు మొదలైపోతాయి, ఆలోపే రండి. నారాయణాద్రి రైలెక్కితే తెల్లారేసరికి ఇక్కడుంటారు. ఆదివారం మాత్రం వద్దు, ఖాళీ బిల్డింగు చూసి లాభం లేదు. చిన్నోడికి బూట్లు వేసి తీసుకురా. మూడు ఇళ్ళు చూసి పెట్టా. బడి గేటు నుంచి ఒక్కో ఇంటికీ వాణ్ణే నడిపించి, ఎక్కడ "తాతా, ఎత్తుకో" అంటాడో చూస్తా.

ఉంటాను,
మీ నాయన