చాచిన చేతికి అందిన పాట

సంపాదకులకు నమస్కారం.

1993లో అమెరికాలోని ఓర్లాండోలో మొదలైన బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ బృందం 2023 మే 4న ముంబైలో పాడుతుందని తెలియగానే, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి పట్టుబట్టి నన్ను రేణిగుంటలో రైలెక్కించింది. తాను పుట్టకముందే వచ్చిన ఆ పాటలను మేనత్త దాచుకున్న పాత క్యాసెట్లలో విని పెరిగిన పిల్ల, నలభైలూ యాభైలూ దాటిన ఆ అయిదుగురూ గొంతు కలిపి పాడుతుంటే కళ్లనీళ్లు తుడుచుకోవడం కూడా మరచిపోయింది. వారిలో ఒకరు వేదిక అంచుకు వచ్చి, చాచిన చేతులను తాకుతూ వెళ్లినప్పుడు అందులో మా అమ్మాయి చేయి కూడా ఉంది. ప్రవేశద్వారం దగ్గర మణికట్టుకు చుట్టిన కాగితపు పట్టీని తిరుపతి చేరేదాకా విప్పలేదు, స్నానం చేసేటప్పుడు సైతం తడవనివ్వలేదు.

మహతి కళాక్షేత్రంలో శాస్త్రీయ సంగీతం వినే భాగ్యం మనకు ఉంది, అందుకు గర్విస్తాను. 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్న ఈ ఊళ్లో, పిల్లలు మెచ్చే బృందాలు కూడా వచ్చి పాడేందుకు అనువైన ఆరుబయలు వేదికను నిర్మించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక తండ్రి, తిరుపతి