ట్రోపోనిన్ రిపోర్టులో అంకె ఒక్కటే చూస్తే చాలదు

సంపాదకులు గారికి,

ఛాతీ నొప్పి రాగానే నేరుగా ల్యాబుకు వెళ్లి ట్రోపోనిన్ పరీక్ష చేయించుకుని, రిపోర్టులో ‘నెగెటివ్’ అని చూసి, గ్యాస్ నొప్పేలే అని ఇంటికి వెళ్లిపోయేవారు ఉన్నారు. కిడ్నీ జబ్బుతోనో తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తోనో ఆసుపత్రిలో చేరిన మనిషికి అదే అంకె కాస్త ఎక్కువగా వస్తే, గుండెపోటు వచ్చేసిందని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోవడమూ మామూలే. ‘గుండెపోటును పట్టిచ్చే రక్తపరీక్ష’ అని ఒక్క ముక్కలో తేల్చేసే ఆరోగ్య కథనాలకూ ఇందులో కొంత బాధ్యత ఉందని నా అభిప్రాయం.

గుండె కండరం ముడుచుకోవడాన్ని అదుపుచేసే ప్రోటీన్లలో ట్రోపోనిన్ ఐ, ట్రోపోనిన్ టి ముఖ్యమైనవి. గుండెలో ఉండే వీటి రూపం మిగతా కండరాల్లో ఉండేదానికి భిన్నం కనుక, రక్తంలో ఇవి పెరిగితే గుండె కణాలు దెబ్బతిన్నట్టు దాదాపు నమ్మకంగా చెప్పవచ్చు. గుండెపోటును గుర్తించడానికి ఒకప్పుడు విరివిగా కొలిచిన సీకే-ఎంబీ అనే ఎంజైముకు ఈ సౌలభ్యం లేదు; కాళ్లూ చేతుల కండరాలకు గాయమైనా అది పెరిగేది. అయితే గుండె కండరం ఎందుకు దెబ్బతిన్నదో ట్రోపోనిన్ కూడా చెప్పలేదు. గుండె రక్తనాళం మూసుకుపోయినా, గుండె కండరం వాచినా, ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడినా, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) వచ్చినా అది పెరగవచ్చు. ఆ మాటకొస్తే మారథాన్ పరుగు పూర్తిచేసిన ఆరోగ్యవంతుల్లో కూడా కొద్దిసేపు పెరుగుతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడవలసింది సమయం. గుండెపోటు మొదలైన మరుక్షణం ట్రోపోనిన్ రక్తంలో కనిపించదు. పాత తరం పరీక్షల్లో అది బయటపడటానికి సుమారు 3 నుంచి 6 గంటలు పట్టేది. అతి తక్కువ ట్రోపోనిన్‌నూ గుర్తించే ఇప్పటి హై సెన్సిటివిటీ పరీక్షలు ఇంకా ముందే పసిగట్టినా, నొప్పి మొదలైన కొద్దిసేపటికే తీసిన రక్తంలో అవి కూడా ఏమీ చూపకపోవచ్చు. ఒకసారి పెరిగిన ట్రోపోనిన్ వారం, పది రోజుల వరకూ ఎక్కువగానే ఉండవచ్చు కాబట్టి, ఒక్క అంకెను బట్టి దెబ్బ ఇవాళ్టిదో నాలుగు రోజుల కిందటిదో చెప్పలేం. అందుకే గంట నుంచి మూడు గంటల వ్యవధిలో రెండో శాంపిల్ తీసి, అంకె ఎంత మారిందో చూస్తారు. 2018లో అంతర్జాతీయ హృద్రోగ సంఘాలు గుండెపోటుకు ఇచ్చిన నిర్వచనం ప్రకారం కూడా, ట్రోపోనిన్ పరిమితిని దాటడంతో పాటు పెరుగుతూనో తగ్గుతూనో ఉండాలి. రోగి లక్షణాల్లోనో, ఈసీజీలోనో, స్కానింగులోనో గుండెకు రక్తం సరిగా అందలేదనే ఆధారం కూడా దొరకాలి.

రిపోర్టు కాగితంలో ఇంకో తికమక ఉంది. ఒక ల్యాబు ట్రోపోనిన్ టి 0.014 నానోగ్రాములు, మిల్లీలీటరుకు అని ఇస్తే, మరో ల్యాబు 14 నానోగ్రాములు, లీటరుకు అని ఇస్తుంది. రెండూ ఒకటే అయినా, అంకెలను మాత్రమే పక్కపక్కన పెట్టి చూసుకున్నవారికి వెయ్యి రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. ఐ రకం ఫలితాన్ని టి రకం ఫలితంతో పోల్చకూడదు. ఒకే రకమైనా కంపెనీ మారితే పరిమితి మారుతుంది. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు కొన్ని రకాల పరీక్షల్లో ట్రోపోనిన్‌ను ఉన్నదానికన్నా తక్కువగా చూపించగలవని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. అయినా రక్తం తీసేముందు ఆ సంగతి అడిగేవారు తక్కువ.

కాబట్టి రక్తం తీసిన సమయం, పరీక్ష రకం, కొలమానం, ఆ పరీక్షకు వర్తించే పరిమితి ప్రతి రిపోర్టులోనూ స్పష్టంగా అచ్చువేయాలని ల్యాబులను కోరుతున్నాను. పాఠకులకు నా విన్నపం మాత్రం వేరు. ఛాతీ నొప్పి వస్తే వెళ్లవలసింది ల్యాబుకు కాదు, ఈసీజీ, అత్యవసర చికిత్స ఉన్న ఆసుపత్రికి. అక్కడ పది నిమిషాల్లోపే ఈసీజీ తీయాలన్నది వైద్యుల నియమం. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయినట్టు అందులో తేలితే ట్రోపోనిన్ ఫలితం కోసం ఆగకుండానే చికిత్స మొదలుపెడతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు